చేటలో కార్బరేటర్

"సోమారం పొద్దున్న పాత ఇనపోడు బండేసుకుని వత్తాడమ్మా. కారు ఇచ్చేద్దాం. ఆడితో మాటాడేసినాను," అన్నారు మా బావగారు, గుమ్మంలో చెప్పులైనా విడవకుండా.

నేను కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. లేవలేదు. "మాటాడినది మీరు గదండీ బావగారూ. ఇవ్వాల్సింది నాను. నానివ్వను," అన్నాను.

ఆయన మా ఆయనకి అన్నగారు. నర్సీపట్నం బస్ కాంప్లెక్సు ఎదురుగా ఆయనకి టిఫిన్ హోటలుంది. చెడ్డమనిషి కాదు. కాని ఎవరింట్లో ఏ వస్తువు ఖాళీగా కనిపించినా, ఏ మనిషి ఖాళీగా కనిపించినా, దానికేదో ఏర్పాటు చేసెయ్యకపోతే ఆయనకి నిద్రపట్టదు. ఆ రోజు మా కారుకీ నాకూ కలిపి ఒకే ఏర్పాటు చేసేశారు. కారు ఇనుములోకి, నేను ఆయన హోటల్లో వంటకి.

"నీకు మాత్తరం ఈ తిరుగుడేటి? మన హోటలుంది. నీడపట్టున వండుకో," అన్నారు.

నా వంట నీడపట్టున చేసేది కాదు. మా చర్చి వాళ్ళ కూడికలకీ, పుట్టినరోజులకీ, రావికమతం వైపు రైతుల ఇళ్ళల్లో గృహప్రవేశాలకీ నేను వండుతాను. అయిదో తరగతి దాటలేదు గాని, ఏ ఇంట్లో ఎవరికి పులుపు పడదో, ఏ పెద్దాయనకి మాంసం మెత్తగా ఉడకాలో నాకు గుర్తు. ఆ పనికి కాళ్ళూ చేతులూ మా పాత అంబాసిడరే. దాని డిక్కీలో రెండు పెద్ద వంట గుండిగలు పడతాయి. వెనక సీటు మీద పొయ్యి, కాళ్ళ దగ్గర బియ్యం బస్తా. ఆయన నడిపేవారు, నేను పక్కన కూర్చుని మసాలా డబ్బాలు ఒళ్ళో పెట్టుకునేదాన్ని.

వానల్లో డాబా మెట్ల మీద జారి మా ఆయన కుడి భుజం పాడు చేసుకున్నారు. చెయ్యి ఛాతీ దాకా వస్తుంది, అంతకంటే పైకి లేవదు. కారు అప్పటినుంచీ రేకుల షెడ్డులోనే ఉండిపోయింది. నేను ఆటోల్లో తిరిగి చూశాను. ఆటోలో గుండిగ పెడితే నేను పట్టను, నేను కూర్చుంటే గుండిగ పట్టదు. వచ్చిన పిలుపుల్లో సగం వదిలేశాను. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే నిజంగానే బావగారి హోటల్లో, బావగారు చెప్పినంత ఉప్పు వేసి, బావగారు చెప్పిన సాంబారు కాచుకుంటూ ఉండాలి. నా చేతి ఉప్పు మీద ఇంకొకరి పెత్తనమంటే నాకు ఒళ్ళు మంట.

ఆ మంటలోనే, బావగారు అటు వెళ్ళగానే మాకవరపాలెం నుంచి ఫోనొస్తే, సోమవారం సాయంత్రం కొత్తింటి ప్రార్థనకి వంట ఒప్పేసుకున్నాను. ఫోను పెట్టేశాక మా ఆయన మొహం చూశాను.

"దేని మీద ఎల్తావే?" అన్నారు.

"మన కారు మీద."

"అది కదల్దు."

"కదిలిద్దారి."

"నాను సెయ్యి ఎత్తలేను. నాకేటీ సెప్పకు, నన్నేటీ అడక్కు," అని కుర్చీ షెడ్డు వైపు వీపు పెట్టి వేసుకున్నారు. నేను షెడ్డులోకి వెళ్ళి గోనె మూట విప్పాను.

ఆ మూటలో ఉన్న సామాను నాకు కొత్త కాదు. పెళ్ళయిన నాటినుంచీ ఆయన కారు కింద పడుకుని చెయ్యి బయటికి చాపితే, ఆ చేతిలో పెట్టినది నేనే. తప్పుది పెడితే తిరిగి వచ్చేది, సరైనది పెడితే తిరిగి వచ్చేది కాదు. నా చదువు అలా సాగింది. ఇంట్లో పాత కారున్నవాళ్ళు బజారు బజారంతా కొనుక్కోనక్కర్లేదు. గుండ్రటి నోటి పానాలు ఒక వరస, తెరిచిన నోటి పానాలు ఒక వరస ఉంటే చాలు. పట్టేసిన నట్టును ముందు గుండ్రటి నోటిదానితో కదపాలి, కదిలాక తెరిచిన నోటిదానితో గబగబా విప్పుకోవచ్చు. మొదటే తెరిచిన నోటిది పెట్టి బలం చూపిస్తే నట్టు మూలలు అరిగిపోయి ఉసిరికాయలా గుండ్రమవుతుంది, ఇక దేనికీ లొంగదు. స్క్రూడ్రైవర్లు మూడు: పొడుగుది, పొట్టిది, నక్షత్రం మూతిది. మూతి గాడి నిండా పట్టాలి, సన్నగా ఉంటే పనికిరాదు. కటింగ్ ప్లేయరు ఒకటి. ప్లగ్గులు విప్పే గొట్టం పానా, దానికి అడ్డంగా దూర్చే కడ్డీ. సుత్తి, సుత్తి దెబ్బకి మధ్యన పెట్టే చెక్కముక్క. వైరు బ్రష్షు, గరుకు కాగితం. ప్లగ్గు మొనల మధ్య సందు కొలిచే రేకుల కట్ట ఒకటుంది, తమలపాకుల కట్టంత, ఒక్కో రేకు ఒక్కో మందం. దాన్ని మా ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. జాకీ ఉంటే చాలదు, పక్కన రెండు దుంగలు పెట్టకుండా కారు కిందకి తల పెట్టకూడదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నాకు పంతం లేదు, భయమే ఉంది.

ముందు ప్లగ్గులు తీసి తోమాను. ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా మూత తీసి, లోపల నల్లబడ్డ రెండు మూతులూ గరుకు కాగితంతో రుద్దాను. బ్యాటరీ ఛార్జింగుకి ఇచ్చి తెప్పించి సెల్ఫు కొడితే ఇంజను దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది. అన్నిసార్లూ అంతే.

ఎదురింటి వదిన గోడ మీద మోచేతులు ఆనించుకుని చూస్తోంది. కాలేజీకి వెళ్ళే ఆడపిల్లలు ఇద్దరు వీధిలో ఆగి ఫోన్లో నన్ను రీలు తీసుకుంటున్నారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మొహమంతా మసితో, నేను వాళ్ళకి చెయ్యి ఊపాను. ఎందుకు ఊపకూడదు?

కుర్చీలోంచి గొంతు వచ్చింది, వీపు ఇటే ఉంది. "పెట్రోలు అందట్లేదు దానికి. కార్బరేటర్లో తుక్కుంటాది." ఆగి, "నాను సెప్పలేదు," అన్నారు.

"మీరు సెప్పలేదు, నాను ఇనలేదు," అన్నాను.

సరిగ్గా ఆ వేళకే బావగారు నీలం రంగు పెట్టె చంకలో పెట్టుకుని వచ్చారు. లోపల తళతళలాడే కొత్త పానాలు, ఒక్కోదానికి ఒక్కో గుంత. "ఈ తుప్పు సామానుతో ఏటి సేత్తావు గాని, జరుగు. కార్బరేటర్ నానిప్పి ఇత్తాను. ఇప్పినాక నువ్వే సూసుకుంటావు, లోపల మిగిలిందేటీ లేదని." పదమూడో నంబరు పానా తీసి నట్టుకి పెట్టారు. పట్టినట్టే పట్టింది. బలంగా తిప్పేసరికి జారింది, ఆయన వేళ్ళ కణుపులు వెళ్ళి ఇనుముకి కొట్టుకున్నాయి.

"ఓలమ్మో!" అని చెయ్యి నోట్లో పెట్టుకున్నారు.

కుర్చీ ఇటు తిరిగింది. చాలా నెలల తరవాత మా ఆయన నవ్వడం అప్పుడే విన్నాను. "అన్నియ్యా, అది అంగుళాల కారు. నీది మిల్లీమీటర్ల పానా. పక్కపక్కనే ఉంటాయి గాని, ఒకటి కాదు." నా వైపు చూసి, "ఒలే, అర అంగుళం తియ్యి, గుండ్రందే," అన్నారు.

తీశాను. చిన్న సుత్తితో రెండు తట్లు తట్టి లాగితే నట్టు కిర్రుమని కదిలింది. బావగారు పెట్టె మూసుకుని, "అయినా సోమారం బండొత్తాది," అన్నారు.

"రానియ్యండి. ఈ వీధి ఎవరి సొంతమూ గాదు," అన్నాను.

శనివారం పొద్దున్న కార్బరేటర్ని షెడ్డు ముందు బల్ల మీద పెట్టి విప్పాను. మా ఆయన పద్ధతొకటుంది. విప్పిన ముక్క విప్పిన వరసలోనే, ఎడమ నుంచి కుడికి, చేటలో పేర్చాలి. బిగించేటప్పుడు కుడి నుంచి ఎడమకి రావాలి. బియ్యం ఏరే చేటే, గుడ్డ వేసి పెట్టాను. చేతులు పని చేస్తున్నాయి, వీధి మాట్లాడుతూనే ఉంది.

మూత స్క్రూలు తీస్తుండగా ఎదురింటి వదిన, "ఏటి వదినా, కూరలో ఉప్పు తగ్గినా పానాయే తిప్పుతావేటి?" అంది.

"నీ నోటికి కూడా ఒకటుంది వదినా, తెమ్మంటావేటి?" అన్నాను. పకపకా నవ్వి, కాఫీ పంపింది.

మూత లేపితే లోపల తేలే బుడ్డి ఉంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చినామె వంగి చూసి, "ఓలప్పా, ఇదేటి, సేప కడుపులో గాలితిత్తిలాగుంది!" అంది. అదీ అంతే పని చేస్తుంది, పెట్రోలులో తేలడం. దాని కింద సూది. సూది తీస్తున్నప్పుడు మా పాస్టరు అయ్యగారు మోటారు సైకిలు ఆపి, "రేపు ఆరాధనకి వస్తావా అమ్మా, లేక ఈ నల్లచేతులు చూసి మానేస్తావా?" అని అడిగారు. "సేతులు సూసి రానియ్యకపోతే సెప్పండి అయ్యగారూ, బయట నిలబడి పాడతాను," అన్నాను. ఆయన నవ్వుకుంటూ వెళ్ళారు.

అడుగున పక్కపక్క గుంతల్లో రెండు ఇత్తడి మరలు, ఒకటి గోడవైపు, ఒకటి వీధివైపు, మధ్యలో సూదిమొనంత బెజ్జం ఉన్నవి. పెట్రోలు పోయేది వాటిలోంచే. రెండూ చూడ్డానికి ఒకటే, బెజ్జాలు మాత్రం వేరు, ఒకదాని చోట ఇంకోటి పెడితే బండి నడవదు. మొదటిది విప్పుతుంటే మా ఆయన, "మెల్లిగానే, ఇత్తడది, గాడి సెడిపోద్ది," అన్నారు. "నా ముక్కుపుడక మర కంటే మెత్తనేటి?" అన్నాను. రెండోది విప్పుతుంటే ఆయనకి దగ్గొచ్చింది. చివర స్ప్రింగు, దాని కింద ఆవగింజ కంటే కొంచెం పెద్ద ఇనప గుండు. అది తీస్తుండగా బావగారు ఫోను చేశారు. ఎత్తలేదు.

చేటని అరుగు మీద పెట్టి, స్నానం చేసి అన్నం వండడానికి వెళ్ళాను.

మా అత్తగారి గురించి చెప్పాలి. ఎనభై దాటినా ఆమె శనివారం శనివారమే. ఆదివారం మా ఇంట్లో పని ముట్టుకోకూడదు. కూర సైతం ముందు రోజే తరిగి పెట్టుకోవాలి. అందుకని శనివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లోని లోహమన్నదాన్నల్లా పెరట్లోకి లాగి తోముతుంది. చెంబులు, పళ్ళేలు, తలుపు గొళ్ళేలు కూడా.

అన్నం వార్చి వచ్చేసరికి చేట ఖాళీగా గోడకి ఆనించి ఉంది.

పెరట్లో అత్తగారు పీట మీద కూర్చుని, చేతులనిండా చింతపండు పిప్పి, బూడిద. ఎదురుగా స్టీలు గిన్నెలో కార్బరేటర్. చిన్నవన్నీ ఒక పక్క, పెద్దవన్నీ ఒక పక్క, గరిటెలు సర్దినట్టు సైజులవారీగా సర్దింది.

"సూడవే, ఎలా మెరుస్తన్నాయో! ఎంత జిడ్డు పట్టించేసినారు. పుట్టినాక ఎవులూ తోమినట్టు లేదు," అంది, మొహం చాటంత చేసుకుని.

నేను గిన్నెలో వేళ్ళు పెట్టి ముక్కలు లెక్కపెట్టాను. మా ఆయన వచ్చి గిన్నెలోకి చూసి, "అయిపోయింది. ఒగ్గెయ్యే. ఆ ఇనపోడికి ఇచ్చేద్దాం," అన్నారు. విప్పినప్పుడు ఆయన వీధిలో వాళ్ళతో నేనాడే మాటలు వింటూ సగం చూశారు, సగం చూడలేదు. ఆ కార్బరేటర్ ఆయన ఆఖరిసారి విప్పి కూడా ఏళ్ళయింది.

అత్తగారి చేతులు ఆగిపోయాయి. "నాను ఏటి సేసినాను?" అని మెల్లిగా అడిగింది.

ఆమెను ఏమనగలను? అన్ని ముక్కలూ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. గిన్నె తీసుకెళ్ళి ముక్కల్ని పెట్రోలులో ముంచి, సైకిలు పంపుతో ఒక్కో బెజ్జంలోంచీ బూడిద ఊదాను. ఊదేసరికే చీకటి పడింది. ఇక మిగిలింది ఆదివారం.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాం. అన్నాలయ్యాయి. గిన్నె బల్ల మీదే ఉంది. నేను దాన్నీ, అత్తగారినీ చూస్తున్నాను. ఆమె మాట కాదని ఆ ఇంట్లో ఎవరూ ఆదివారం సూది ఎత్తలేదు. నేను ఎత్తడానికే నిశ్చయించుకున్నాను. ఏమంటే ఏమనాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

ఆమె చేతికర్ర పట్టుకుని షెడ్డు దాకా వచ్చింది. పీట వేయించుకుని కూర్చుంది. "కడిగింది నాను. పాపమైతే నాది. నువ్వు పాట పాడుతూ బిగించు. పాట పాడతంటే అది పని గాదు, ఆరాధనే," అంది. ఇన్నేళ్ళుగా తను పెట్టిన కట్టుబాటుకి ఆమే ఒక కిటికీ తెరిచింది. తరవాత తనే గొంతెత్తింది.

పాట నడుస్తుంటే నాకు ముక్కలు గుర్తు రాలేదు. మాటలు గుర్తొచ్చాయి. నాకు ఏదైనా అలాగే గుర్తుంటుంది, ఎవరు ఏమన్నారన్న దాన్ని పట్టుకుని. చివరి మాట నుంచి వెనక్కి నడిచాను. బావగారి ఫోను మోగింది, నేను ఎత్తలేదు: ఇనప గుండు, మీద స్ప్రింగు. దగ్గు: ఒక ఇత్తడి మర. ముక్కుపుడక: ఇంకో ఇత్తడి మర.

"ఈ రెంటిలో ఏది ఏదే?" అన్నారు మా ఆయన. ఈసారి కుర్చీ బల్లకి ఆనుకునే ఉంది.

"ముక్కుపుడక అన్నప్పుడు నా మొహం గోడవైపుంది. ఎండ కళ్ళల్లో పడలేదు. కాబట్టి అది గోడవైపు గుంతలోది. దాని గాడి పక్కన సన్నటి గీత కనపడింది, నా స్క్రూడ్రైవర్ గీసినదే. ఇదిగో గీత."

ఆయన మరను వెలుతురుకి ఎత్తబోయారు. చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగింది. నేను పట్టుకుని ఆయన కళ్ళ ఎదురుగా పెట్టాను. చూసి, "ఆఁ, గీతుంది," అన్నారు.

అయ్యగారు: సూది. చేపలామె: గాలితిత్తి. వదిన: మూత స్క్రూలు. వదిన గోడ మీదే ఉంది, "నన్ను కూడా బిగించేసినావా?" అంది. "నిన్నే ఆఖర్న, గట్టిగా," అన్నాను. అత్తగారు నవ్వు ఆపుకోలేక పాట ఆపి, మళ్ళీ అందుకుంది. మధ్యలో ఆపితే అది పనైపోతుందని ఆమె కంగారు.

సోమవారం పొద్దున్నే కార్బరేటర్ని ఇంజనుకి బిగించి, గుండిగలు డిక్కీలో పెట్టాను. మా ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. నాకు లైసెన్సుంది, నేర్పింది ఆయనే. రోడ్డు మీద నడిపే వాడుక మాత్రం లేదు. సెల్ఫు కొట్టాను. తుమ్మింది. మళ్ళీ కొట్టాను. దగ్గింది, ఊగింది, ఈసారి ఆగలేదు. షెడ్డంతా తెల్లటి పొగ. పొగలోంచి అత్తగారి గొంతు, "బేగి ఎల్లండి, అది మనసు మార్చుకోకముందే!"

వీధి మొగలో పాత ఇనుము బండి అడ్డంగా ఉంది. హారన్ కొట్టాను. బండివాడు దిగి, "ఇనుం ఎక్కడుందమ్మా? ఈ ఇంట్లోనే అన్నారు," అన్నాడు.

"నువ్వు బండి ఎనక్కి తీస్తే నీ పక్కనుంచే ఎల్తాది, సూసుకో," అన్నాను. తీశాడు.

అంతా బాగానే జరిగిందని చెప్పుకోవచ్చు గాని, అలా జరగలేదు. బస్ కాంప్లెక్సు ఎదురుగా, ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా బావగారి హోటలు ముందు, కారు ఆగిపోయింది. వెనక బస్సు హారన్, ఆటోల హారన్లు. ఒక ఆటో అబ్బాయి తల బయటపెట్టి, "తోయమంటావేటి పిన్నీ, ఇనప కొట్టు దాకా?" అని అరిచాడు.

"నీ ఆటో తోసుకో ముందు," అని దిగాను. మా ఆయన కూడా దిగి, మంచి చెయ్యి అడ్డం పెట్టి బస్సుని పక్కనుంచి పంపిస్తున్నారు. బానెట్ ఎత్తాను.

బావగారు మెట్లు దిగి వచ్చారు. గల్లా వదిలి ఆయన బయటికి రావడం అరుదు. "అందరూ సూస్తన్నారమ్మా. కారు పక్కకి తోయించి లోపలికొచ్చి కూసో. టీ తాగుదువు గాని. నాను మెకానిక్కుని పిలుత్తాను," అన్నారు. గొంతులో ఎగతాళి లేదు, నిజంగా జాలే ఉంది. నాకు ఎగతాళి కంటే ఆ జాలే కష్టం.

"టీ ఇక్కడికే పంపండి బావగారూ," అన్నాను.

పెట్రోలు గొట్టం చూశాను, కారడం లేదు. వైర్లు ఒక్కొక్కటే తడిమాను. కరెంటు డబ్బా మూతకి రెండు కొక్కేలుంటాయి, ఒకటి సరిగ్గా పడలేదు. నేను పెట్టినదే, నేనే సగం పెట్టాను. మూత పక్కకి ఒరిగింది. వేలితో నొక్కితే పడలేదు, పొడుగు స్క్రూడ్రైవర్ మూతితో కిందకి లాగి నొక్కితే టప్పుమంది. పొట్టి స్క్రూడ్రైవర్ తీసుకుని అక్కడున్న స్క్రూలన్నీ, వదులుగా లేనివి కూడా, ఒకసారి బిగించాను. తొందర పడలేదు. హారన్లు కొట్టేవాళ్ళు కొట్టారు.

టీ గ్లాసు బావగారే తెచ్చారు. మసిచేతులతో అందుకుని, బానెట్ కిందే నిలబడి తాగాను. ఆయన చూస్తున్నారు, కాంప్లెక్సంతా చూస్తోంది. సీట్లో కూర్చుని సెల్ఫు కొడితే మొదటిసారికే అందుకుంది. గేరు వేసి, ఖాళీ గ్లాసు కిటికీలోంచి ఆయనకి అందించాను.

"టీలో పంచదార ఎక్కువైంది బావగారూ. అల్లం సాల్లేదు. మీ వంటోడికి సెప్పండి," అని, మాకవరపాలెం వైపు తిప్పాను.